గిన్నెల మోత, సన్న గీత

"గిన్నెలు సింకులో పెట్టాలమ్మా, పారేయకూడదు!" అంది అత్తగారు చెవి మీద చెయ్యి వేసుకుని.

"స్టీలు గిన్నె ఎలా పెట్టినా మోగుతుంది అత్తయ్యా. నేనేమన్నా కావాలని మోగిస్తున్నానా?"

"ఆ మోతకి నా చెవి మెషీను ముడుచుకుపోతుంది. కాసేపటిదాకా నువ్వు నన్ను తిట్టినా వినబడదు."

"తిట్టేటప్పుడు ముందుగా చెప్తాలెండి."

ఆవిడ కోపం గిన్నెల మీద కాదని కోడలికి తెలుసు. ఆవిడ చిన్నకూతురు నడిసముద్రంలో ఒక దీవి మీద, వాతావరణ కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడి ఫోను ఆఫీసు పనికే. కోడలి భర్తకీ, ఈ చెల్లెలికీ చిన్నప్పటినుంచీ సొంత సెట్టుతో దూరాలకి కబుర్లు పంపుకునే హ్యామ్ రేడియో పిచ్చి. రోజూ సాయంత్రం చెల్లెలు అక్కడ నాలుగు మాటలు టైపు చేస్తే, ఇక్కడ అన్న రేడియోకి తగిలించిన కంప్యూటరు తెర మీద అవి అక్షరాలై వచ్చేవి. ఈ మధ్య ముక్కలే వస్తున్నాయి. ఎవరో పెద్ద యాంటెన్నా ఆసామి సరిగ్గా ఆ వేళకే, వీళ్ళ ఫ్రీక్వెన్సీ పక్కనే తన ప్రసారం మొదలుపెడుతున్నాడు. నిన్న "అమ్మని అడుగు, ఎల్లుండికల్లా" అన్నంతవరకూ వచ్చి ఆగిపోయింది. ఏం అడగమందో తెలియక ఆవిడకి ముద్ద దిగడం లేదు.

సాయంత్రం కోడలు టీ పట్టుకెళ్ళింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే పనినుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా, బీరువాకీ గోడకీ మధ్య ఇరికించిన బల్ల ముందు కూర్చున్నాడు. తెర మీద సిగ్నళ్ళు పైనుంచి కిందికి గీతలుగా జారుతున్నాయి. ఎడమవైపు ఆ ఆసామిది, లావుపాటి తెల్ల చార. కుడివైపు చెల్లెలిది, ఉందా లేదా అన్నట్టు ఒక సన్న గీత.

"కంప్యూటర్లో ఈ సన్న గీత చుట్టూ ఎంత ఇరుకు చేసినా లాభం లేదు. ఏనుగు పక్కన చీమ," అన్నాడు విసుగ్గా.

ఆమె కప్పు చేతిలోనే పట్టుకుని నిలబడింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చూడటం ఆమెకి అలవాటు.

"ఏనుగు చీమని తొక్కట్లేదండీ. రెండూ దూరంగానే ఉన్నాయి. కానీ అది రాగానే తెరంతా మసకబారుతోంది. అది ఆగితే చీమ మళ్ళీ లేస్తోంది."

"అయితే?"

"మీ అమ్మ చెవి మెషీను లాంటిదే ఈ రేడియో కూడా. గిన్నె మోగగానే ముడుచుకుంటోంది. ముడుచుకున్నాక మనం ఎంత చెవులు రిక్కిస్తే ఏం లాభం? మోతని గుమ్మంలోనే ఆపాలి."

అతను టీ సంగతి మరిచి రేడియో వైపు తిరిగాడు. పక్క సిగ్నళ్ళు లోపలికి రాకుండా వెడల్పు తగ్గించే ఫిల్టరు అందులో ఉండనే ఉంది. వీధి వీధంతా, అంటే చుట్టుపక్కల సిగ్నళ్ళన్నీ, కనబడాలన్న సరదాతో దాన్ని ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచుతాడు. వడకట్టడమంతా తరవాత కంప్యూటర్లో.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది నా పని," అంటూ రేడియో మీది మీట తిప్పాడు. తెర రెండు పక్కలా నల్లబడింది. లావు చార మాయమైంది. ఆ నలుపుల మధ్య మిగిలిన ఇరుకు సందులో సన్న గీత నిటారుగా, తెల్లగా నిలబడింది.

"అమ్మా, త్వరగా రా!"

అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే కోడలు గట్టిగా చదివింది. "నన్ను ఇంకో ఏడాది ఉండమంటున్నారు. నాకూ ఇష్టమే. అమ్మ సరేనంటేనే ఉంటాను. వదినతో గిన్నెల గొడవ తగ్గిందా?"

అత్తగారు తెర దగ్గరికి వంగి ఆ మాటలు తనే మళ్ళీ చదువుకుంది. "ఆలోచించి రేపు చెప్తానను," అని మాత్రం అంది.

రాత్రి భోజనాలకి కూర్చున్నారు. అమ్మ ఒప్పుకోదనే కొడుకు అనుకున్నాడు. కోడలు కూర గిన్నెని పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్ల మీద దించింది. ఆవిడ రెండోసారి అడిగి మరీ కూర వేయించుకుంది.

"ఉండమందాం," అంది తింటూనే. "రోజూ మాట అందుతున్నప్పుడు మరో ఏడాదికేం? కానీ ఆ సంగతి రేపు నేనే టైపు చేస్తా. అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో నువ్వు పక్కన కూర్చుని చూపించాలి."

"నీకెందుకమ్మా శ్రమ, నేను కొడతాగా?"

"నీకు చెప్పట్లేదురా, కోడలికి చెప్తున్నా. గిన్నెల గొడవ తగ్గలేదని కూడా రాయాలి. ఆ మాట నువ్వు కొడితే మొహమాటపడి చెరిపేస్తావు."