గోడ మీద పాస్‌వర్డ్

మిల్లులో ఆవిరి గొట్టం పగిలిన ఉదయం మా తోడికోడలు కుళాయి దగ్గర నవ్వుతూ బట్టలు పిండుతోంది. ఆమె మొగుడు, అంటే మా మరిది, ఆ గొట్టం పక్కనే పనిచేస్తాడు. సంగతి నాకు తెలిసింది, ఆమెకు తెలియలేదు. నా ఫోన్‌లో అప్పటికే వార్త వచ్చింది, ఆవిరిలోంచి మనుషుల్ని మోసుకొస్తున్న బొమ్మతో సహా. ఆమె ఫోన్‌లో మిల్లు పేజీ ఒక్కటే ఉంది: "పనులు యథావిధిగా సాగుతున్నాయి."

నా ఫోన్ ఆమె తడిచేతుల్లో పెట్టాను. చూసింది. పిండుతున్న చొక్కా అలాగే చేతిలో పట్టుకుని పరుగెత్తింది.

మరిది బతికాడు. చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చి ఆమె నన్ను ఒకటే అడిగింది.

"నా మొగుడు కాలుతుంటే నీకు తెలిసింది, నాకు తెలియలేదు. ఎందుకక్కా?"

ఎందుకో మా క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు. మేముండే ముందు వరస గుమాస్తాలది, సూపర్‌వైజర్లది. ఆ ఇళ్ళకు కేబుల్ వేసి ఫుల్ లైను ఇచ్చారు. వెనక వరస మిషన్ల మీద పనిచేసేవాళ్ళది. వాళ్ళకు మిల్లు నెట్ నడిపే కాంట్రాక్టరు ఉచితంగా పంచిన సిమ్ములు. బయటి కంపెనీల సిగ్నల్ మిల్లు చుట్టుపక్కల అందదు. కాంట్రాక్టరు టవర్ పెట్టనిస్తే కదా. ఆ ఫ్రీ లైనులో కాంట్రాక్టరుకు నచ్చిన పేజీలే తెరుచుకుంటాయి. మిగతా వాటికి ఒకటే జవాబు: "ఈ పేజీ మీ లైనులో లేదు."

మమ్మల్ని చూస్తే వెనక వరసకు కడుపుమంట. వాళ్ళకు ఉచితంగా వస్తోందని మాకు మంట. కాంట్రాక్టరుకు కావలసిందీ అదే. మేం ఒకరి గుమ్మంలోకి ఒకరం తొంగి చూసుకుంటున్నంతకాలం అతని గుమ్మం వైపు ఎవరూ చూడరు.

నా మంట మరొకటి. నేను బీఏ చదివాను. ఆమె మిల్లులో కాలర్లు కుడుతుంది. అయినా ఏ గొడవొచ్చినా "కాలరు వదినను పిలవండి" అంటారు. నన్నెవరూ పిలవరు.

ఆ వారం పిలిచారు. చదివి పెట్టడానికి. మా రెండు వరసల నెట్ పద్ధతినే దేశమంతటికీ చట్టం చేస్తామని ప్రభుత్వం ముసాయిదా పెట్టింది. సైకిళ్ళ షెడ్డులో రెండు వరసల వాళ్ళూ చేరారు. నేను నా ఫోన్‌లోంచి సెక్షన్ తర్వాత సెక్షన్ చదివి, విడమరిచి చెప్పాను. ఆవలింతలు మొదలయ్యాయి. అప్పుడు ఆమె లేచింది.

"రేపు ఏ ఊళ్ళో గొట్టం పగిలినా, లోపల మొగుళ్ళు కాలుతుంటే, బయట పెళ్ళాల్ని నవ్వుతూ బట్టలు పిండుకోమంటారు. అక్క చదివింది అదే."

షెడ్డు దద్దరిల్లింది. నాకు ఒళ్ళు మండింది. నేను అంతసేపు చెప్పిందీ అదే కదా!

హెడ్‌క్లర్కు గొంతు సవరించుకున్నాడు. "అందరికీ ఫుల్ లైనిస్తే మన స్పీడు పడిపోతుంది. ఇప్పటికే మా అల్లుడితో మాట్లాడుతుంటే బొమ్మ బిగుసుకుపోతోంది."

"మీ అల్లుడు మామూలుగానే అంత కదండీ!" అన్నారెవరో వెనకనుంచి.

ఫిట్టరు లేచాడు. "మన వరసకు ఫుల్ లైను ఇమ్మందాం, చాలు. దేశం గొడవ మనకెందుకు?"

"కాంట్రాక్టరు మనకిచ్చి పక్క మిల్లుకు ఆపుతాడు. ఇన్నాళ్ళూ ముందు వరసను చూసి మనం ఏడ్చాం. ఇక మనల్ని చూసి వాళ్ళు ఏడవాలా?" అంది తోడికోడలు. "ఎవరింట్లోనైనా ఒకటే లైనుండాలి. ఏ పేజీ అడిగితే ఆ పేజీ తెరుచుకోవాలి. అబద్ధం పెట్టినవాణ్ణి నిలదీసే హక్కుండాలి. చట్టంలో రాయాల్సింది అదీ."

ప్రజలు అభిప్రాయాలు పంపవచ్చని ముసాయిదా చివర ఉంది. వెనక వరస ఫోన్లన్నీ ఒకేసారి ఆ పేజీ కోసం వెతికాయి.

"ఈ పేజీ మీ లైనులో లేదు."

ముందు నవ్వారు. ఆ తర్వాత ఒక్కరూ నవ్వలేదు. గడువు శనివారంతో ముగుస్తుంది.

శుక్రవారం కాంట్రాక్టరు మనిషి తెల్లటి వైఫై డబ్బాలు మోసుకుని వెనక వరసకు వచ్చాడు. "అయిదిళ్ళకు ఫుల్ లైను. సార్ పంపారు. మొదటిది కాలరు వదినకు."

అంతే, వరస భగ్గుమంది.

"ఆవిడకే ఎందుకు?"

"ఆయన చేతులు కాలాయి కదమ్మా."

"అయితే మా ఆయన్ని కూడా కాల్చుకోమంటావా?"

నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె తీసుకోవాలని కోరుకున్నాను. తీసుకుంటే ఇక అందరిలాంటిదే, నాలాంటిదే. ఆమె డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. "అమ్ముడుపోయింది" అని ఫిట్టరు ఉమ్మేశాడు. ఆ పూట నాకు భోజనం మహా రుచిగా ఉంది.

శనివారం తెల్లవారేసరికి డబ్బా ఆమె కిటికీలో ఉంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో రాసిన పాస్‌వర్డ్ గోడ మీద ఉంది, వంకరటింకర అక్షరాల్లో. వరస కదిలింది. పక్క మిల్లువాళ్ళు కదిలారు. ఫిట్టరు తల వంచుకుని వచ్చాడు.

"రా నాయనా, నిన్న ఉమ్మావుగా, గొంతెండిపోయి ఉంటుంది. నీళ్ళు తాగి నీ అభిప్రాయం పంపు" అంది.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు ఆ అయిదిళ్ళ లైన్లూ కోసేశాడు. జనంలో సగం మంది ఇంకా పంపనే లేదు. అందరూ నా కిటికీ వైపు చూశారు. ఆమె మాత్రం చూడలేదు. నన్ను అడగను కూడా లేదు. ఆ అడగకపోవడం నన్ను కోసేసింది. ఏం, మంచిపని ఆమె ఒక్కదానికే రాసిచ్చారా?

సుద్దముక్క తీసుకుని వీధిలోకి వెళ్ళాను. మా గోడ మీద మా పాస్‌వర్డ్ రాశాను. నా అక్షరాలు గుండ్రంగా, ఆ చివరినుంచి కూడా కనిపించేంత పెద్దవి.

ఆమె వచ్చి చూసింది. "తేదీలా ఉందేంటక్కా?"

"మీ బావగారికి ప్రమోషన్ వచ్చిన రోజు."

వీధంతా పగలబడి నవ్వింది. మా ఆయన బయటికొచ్చి "పరువు తీశావు కదే" అన్నారు. తర్వాత జనం నిలబడటానికి తన సైకిల్ పక్కకు జరిపారు.

హెడ్‌క్లర్కు భార్య నా చేతిలోని సుద్ద లాక్కుంది. "ఆవిడ గోడేనా గోడ? మా గోడకేం తక్కువ?"

"స్పీడు..." అన్నాడు హెడ్‌క్లర్కు.

"మీ స్పీడు అల్లుడి దగ్గర చూపించండి!"

ఆ తర్వాత ఒక్కో గోడా తెల్లబడింది. మా కేబుల్ కోయడానికి వీల్లేదు. మేనేజరు బంగళాకు వెళ్ళేదీ అదే. మిషన్ల మీది చెల్లెళ్ళూ, కాలేజీ పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను: మేం ఆ పూట ఉన్నపళంగా మంచివాళ్ళమైపోలేదు. అదే అసూయ, అదే పోటీ. కాకపోతే ఇన్నాళ్ళూ ఎవరికెక్కువ ఉందని పోటీ పడ్డాం, ఆ రోజు ఎవరు ముందు పంచుతారని పడ్డాం.

సాయంత్రం పోలీసు వ్యాను వచ్చింది. కంపెనీ లైను దొంగతనంగా పంచిందని మా తోడికోడల్ని ఎక్కించారు. ఆమె ఒక్కదాన్నే.

"నా గోడ మీదా ఉంది, కనిపించడం లేదా?" అని అరిచాను.

"మీరు ముందు వరసవాళ్ళు. లోపలికెళ్ళండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగా.

"అరెస్టులో కూడా రెండు లైన్లా?"

"మన డబ్బా నేను చూసుకుంటాను, నువ్వెక్కు" అన్నారు మా ఆయన. ఎక్కాను. "ఆవిడెక్కితే నేనెక్కనా?" అంటూ హెడ్‌క్లర్కు భార్య ఎక్కింది. ఫిట్టరు ఎక్కాడు. చేతులకు కట్లతో మరిది ఎక్కబోతే నలుగురు పట్టి లేపారు. వ్యాను తలుపు మూతపడలేదు.

"అసలు ముందు రాసిందెవరు?" ఇన్‌స్పెక్టరు గొంతు చించుకున్నాడు.

"నేను" అన్నాను.

"అబద్ధం! నేను" అని తోడికోడలు నా జబ్బ గిల్లింది.

"నేను!" "నేను!" వ్యానులోంచి, వీధిలోంచి, అరుగుల మీంచి.

ఎటు కదిలినా జనమే. డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. అప్పుడు వ్యాను కిటికీలోంచి కనిపించింది: రోడ్డవతల పక్క మిల్లు క్వార్టర్స్ గోడకు ఎవరో నిచ్చెన వేసుకుని సుద్దతో రాస్తున్నారు.

నా వాటికన్నా పెద్ద అక్షరాలు.