పోతగదిలో ఫ్యాను

పాలు తాగితే ఒంట్లోకి పోయిన మందు ఘాటు విరిగిపోతుందని మా ఫ్యాక్టరీలో అందరికీ గట్టి నమ్మకం. షిఫ్టు దిగగానే మేస్త్రీ బరాసా తలా ఒక పాల ప్యాకెట్టు చేతిలో పెడతాడు, చర్చిలో రొట్టె పంచినంత భక్తిగా. మేం చేసేవి పరుపులు. రెండు రసాయన మందులు కలిపి తొట్టిలో పోస్తే నురగ పొంగి గుండెల ఎత్తు దిమ్మవుతుంది. పొంగేటప్పుడు లేచే ఆవిరిని బయటికి లాగడానికి మందు పోసే ఈ పోతగది గోడకి పెద్ద ఫ్యాను ఉండనే ఉంది. గాలి తగిలితే దిమ్మ కుంగుతుందని దాన్ని వెయ్యనే వెయ్యరు.

ముందు నాకు దగ్గు పట్టుకుంది. తర్వాత ఆయాసం, పిల్లికూతలు. "బొగ్గుల కుంపటి మీద వండుతావుగా, అదే నీ జబ్బు" అని తేల్చేశాడు బరాసా. మచాకోస్ వైపు పల్లెలో మా అత్త చనిపోతే వెళ్లాను. అక్కడ కట్టెపొయ్యి పొగలో కూర్చుని ఊరందరికీ మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద కెలికాను. ఒక్క దగ్గు వస్తే ఒట్టు. తిరిగొచ్చి పోతగదిలో అడుగుపెట్టిన పూటే ఛాతీ బిగుసుకుపోయింది.

"నీ ఊపిరితిత్తులకి ఆ మందు పడదు. ఇంకా పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. పాల సంగతి చెబితే నవ్వింది. "అవి పొట్టలోకి పోతాయి తల్లీ, ఛాతీలోకి కాదు."

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని ఒళ్లు మండిపోయింది. మర్నాడు తొట్టి దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాను.

"ఫ్యాను వేస్తేనే పోస్తాను, బరాసా అన్నా."

"దిమ్మ కుంగితే నువ్వు కొంటావా, కటుంగే వాళ్లమ్మా? రేపట్నుంచి నీకు రెండు ప్యాకెట్లిస్తాలే."

"రెండేం ఖర్మ, ఆవునే తెచ్చి కట్టెయ్. నా పిల్ల కటుంగేకి పాలు నేను కొనుక్కుంటాను. నాక్కావలసింది గాలి."

వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. బరాసా మొహం మాడిపోయింది. "నీ పని కోసం గేటు బయట ఊరంతా కూర్చునుంది, చూస్తావా?" అంటూ వెళ్లి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

చూద్దును కదా, ముసెంబి. కిందటేడు ఇదే గదిలో ఊపిరాడక పడిపోతే, రోగిష్టివాడివని వాణ్ణి ఇంటికి పంపింది ఈ బరాసాయే.

"మళ్లీ ఎందుకొచ్చావురా తమ్ముడూ?"

"ఇంట్లో పొయ్యి వెలగట్లేదక్కా" అన్నాడు నా మొహం చూడకుండా.

మూతికి గుడ్డ కట్టుకుని మందు వంచాడు. నురగ సగమైనా పొంగకముందే వాడి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. గుడ్డ పీకేసి కూలబడ్డాడు. పెదాలు బూడిదరంగుకి తిరిగాయి.

"పాలు తెండే" అని ఎవరో అరిచారు.

ఆయాసానికి డాక్టరమ్మ ఇచ్చిన పీల్చే మందు డబ్బా నా జేబులో ఉంది. వాడి నోట్లో పెట్టి నొక్కాను. ఇద్దరు ఆడవాళ్లు వాణ్ణి గుమ్మం బయటికి ఈడ్చుకుపోయారు. నేను గోడ దగ్గరికి పరిగెత్తి స్విచ్ వేసేశాను. ఫ్యాను మూలిగి, దుమ్ము రాల్చి, తిరిగింది.

"ఆపు దాన్ని. దిమ్మ కుంగుతోంది" అన్నాడు బరాసా.

స్విచ్‌కి వీపు ఆనించి నిలబడ్డాను. "కుంగనీ. దాన్ని కన్నతల్లి ఎక్కడా లేదు. వాడికి ఉంది."

"నీ పని ఊడుతుంది."

"ఊడనీ. ముందు నన్నిక్కణ్ణుంచి లాగు, తర్వాత ఆపుకో."

అతను నా మీదికి రాబోయాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా ముందు నిలబడ్డారు. తొట్టి దగ్గర మనిషన్నవాడు లేడు. దిమ్మ నడుమ్మీద గొయ్యి పడింది. గుమ్మం బయట ముసెంబి పొడుగ్గా ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది.

బరాసా కుంగిన దిమ్మకేసి చూశాడు.

"తర్వాతి పోతకి ఎవరొస్తారు?"

"ఫ్యాను ఆగితే ఎవరూ రారు."

"తిరుగుతుంటేనో?" అన్నాడు, గొంతు తగ్గించి.

"తిరగనీ, చూద్దాం" అన్నాను, అక్కణ్ణుంచి కదలకుండా.