పడాక్ చెక్క కారు

అండమాన్‌లో ఛాథం నుంచి బాంబూఫ్లాట్ పోయే ఫెర్రీలో బళ్లు కింద, మనుషులు పైన. పోలిరాజు మాత్రం బళ్ల మధ్యనే నిలబడ్డాడు. అరవైకి దగ్గర పడుతున్నా, ఇటలీలో సగం జీవితం గడిపినా ఆ పిచ్చి వదల్లేదు. పక్కనున్న పాత జీపు బానెట్ మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా నిమిరాడు.

"క్యా భయ్యా, కొంటావేటి?" అన్నాడు జీపు డ్రైవరు అనుమానంగా.

"లేదు, చూస్తున్నాను."

కళ్లు మూసుకుని చూసేవాణ్ణి ఏమనాలో తెలియక డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

ఆ చూపు పోలిరాజుకు నేర్పింది అన్న అసిరయ్య. తండ్రి నూకన్న శ్రీకాకుళం తీరాన్ని వదిలి, వలలతో, ఇద్దరు కొడుకులతో ఓడెక్కి ఈ దీవులకు వచ్చేనాటికి పోలిరాజు చంకబిడ్డ. తండ్రి వేటకు పోయేవాడు, వయసులో చాలా పెద్దవాడైన అసిరయ్య పడవలు కట్టడం నేర్చాడు. తమ్ముడికేమో కార్ల పిచ్చి. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ మొత్తమ్మీద కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫెర్రీలో ఏ ఆఫీసరు కారు దిగినా వీడు దాని వెనక పరుగే. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని వీధంతా నవ్వింది. అసిరయ్య నవ్వలేదు. చిత్రిక పట్టిన పడవ పక్కన తమ్ముణ్ణి నిలబెట్టి, కళ్లకు తువ్వాలు కట్టి, "సెయ్యెట్టి సెప్పురా, ఎక్కడ తప్పినాదో" అనేవాడు. ఆ తువ్వాలు చదువే పోలిరాజును అహ్మదాబాద్ డిజైన్ కాలేజీకి చేర్చింది. అక్కణ్ణించి టురిన్‌లో కోటీశ్వరుల కోసం స్పోర్ట్స్ కార్లు చేసే ఒక చిన్న కంపెనీకి చేర్చింది.

చేర్చిందే గానీ, ఏం లాభం? ఇన్నేళ్లలో అతడు గీసినవన్నీ వేరేవాళ్ల కార్లకు అద్దాలు, తలుపు పిడులు, వెనక దీపాలు. ఊళ్లో అందరి పెళ్లిళ్లకూ దండలు కట్టి తాను బ్రహ్మచారిగా మిగిలినవాడి బతుకు. తనదంటూ మొత్తంగా ఊహించిన కారు ఒక్కటే. దాని భుజం, అంటే కిటికీల కింద నుంచి వెనక చక్రం మీదికి తిరిగే వంపు, కాగితం మీద ఎంతకీ కుదరక, ఒక వానాకాలం సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాడు. అన్నదమ్ములిద్దరూ పడవల షెడ్డులో ఎర్రటి పడాక్ చెక్కతో ఆ కారు ఒళ్లు మొత్తం, అసలు సైజులో, కట్టారు. గీత పోలిరాజుది. వంపు అసిరయ్య అరచేతిది.

ఫోటోలు చూసి కంపెనీ మెచ్చుకుంది, మట్టి నమూనా కూడా చేయించింది. అంతలో డబ్బు అయిపోయింది. నమూనా మీది మట్టి గీకేసి ఇంకో కారుకు వాడుకున్నారు. డ్రాయింగులు ఎటు పోయాయో పోయాయి. బాంబూఫ్లాట్ షెడ్డులో చెక్క కారు మాత్రం మిగిలింది. సునామీ వచ్చిన రోజు సముద్రం షెడ్డు గుమ్మం దాకా వచ్చి, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి పోయింది.

ఇప్పుడు కంపెనీ చేతులు మారింది. కొత్త యజమాని పాత ఫోటో ఒకటి చూసి ముచ్చటపడి, ఈ కారే చేద్దాం, దాని ఆకారం పూర్తిగా తెచ్చివ్వు అన్నాడు. ఏడాది చివరికి తేలేకపోతే వేరే డిజైనరు బొమ్మ తయారుగా ఉంది. పోలిరాజు నెలల తరబడి గీశాడు, మట్టితో చేశాడు, పారేశాడు. ఆ భుజం రాలేదు. అన్న చేత మళ్లీ చేయిద్దామంటే, పక్షవాతం వచ్చి లేచాక అసిరయ్య కుడిచెయ్యి టీ గ్లాసు కూడా నిలపదు. ఇక దిక్కల్లా చెక్క కారే. దాని కొలతలు తీసే యంత్రం పోలిరాజు సంచిలో ఉంది.

బయల్దేరే ముందు ఫోను చేసి కంపెనీ ఆ కారే కట్టమన్న సంగతి వదిన తవిటమ్మకు చెప్పాడు, కొలతల మాట ఎత్తలేదు. తర్వాత అన్నను అడిగాడు.

"అన్నియ్యా, చెక్క కారు బావుందా?"

"దానికి సెయ్యాల్సినదంతా సేసీసేను తమ్ముడా. నువ్వు రా, సెప్తాను" అని నవ్వాడు అసిరయ్య.

నూనె పట్టించి ఉంటాడనుకున్నాడు పోలిరాజు. కొండంత ఆశతో విమానం ఎక్కాడు.

ఫెర్రీ దిగి ఇంటికి కూడా పోకుండా షెడ్డుకే పోయాడు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల నేల మీద నాలుగు దిమ్మలున్నాయి. వాటి మీద ఏమీ లేదు.

కర్ర పోటేసుకుంటూ అసిరయ్య వచ్చాడు. వెనకే తవిటమ్మ.

"ఏదన్నియ్యా, కారు?"

"కూకో. సెప్తానన్నాను కదా." తానూ ఒక దిమ్మ మీద కూర్చున్నాడు. "రెండేల్ల కిందట ఫోన్లో ఏడిసేవు, గేపకం ఉన్నాదా? నా బండి ఒక్కటీ రోడ్డెక్కనేదు, ఉట్టి సేతుల్తో దిగిపోతానేమో అన్నావు. నాకు కూడు సయించనేదురా. తప్పు నీది కాదు. నాది."

వాళ్ల ఇంట్లో ఒక పట్టింపు ఉంది. కట్టిన పడవను నీళ్లకు చూపించకుండా గట్టున ఉంచకూడదు. ఉంచితే కట్టినవాడి పని అక్కడే ఆగిపోతుందని నూకన్న చెప్పేవాడు. కొనేవాడు రాకపోయినా సరే, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కసారైనా అలకు ఆనించేవాళ్లు.

"అదీ నా సేత్తో కట్టిన ఒల్లే కదా. ఇన్నేల్లు గట్టు మీద ఉంచీసేను. సునామీనాడు గంగమ్మతల్లి గుమ్మం కాడికొచ్చి అడిగినాది. అప్పుడూ ఇయ్యనేదు. మరి నీ బండి ఎలగ కదుల్తాది?"

అప్పటికే కుడిచెయ్యి పడిపోయిన మనిషి. ఎడంచేత్తోనే చక్రాల గూళ్లకు చెక్కలు బిగించాడు, సందుల్లో నార కూరాడు, తారు పూశాడు. మానమంటే వినలేదని తవిటమ్మ అంది. గంగమ్మ పండగనాడు వీధి వీధంతా వచ్చి దాన్ని మోసుకెళ్లి నీళ్లలోకి దింపారు.

"ఎలగ తేలినాదనుకున్నావు! ముక్కెత్తి ఎల్లిందిరా. బిల్కుల్ ఒరగనేదు. ఫెర్రీ నడిపే మన మల్లేశు సూసి హారన్ కొట్టేడు. నీటి లాగుడికి దూరం ఎలిపోతంటే కుర్రోల్లు తాడేసి లాగుదావన్నారు. నేనే వద్దన్నాను. తల్లి పిలుస్తంది, ఎల్లనీ అన్నాను."

పోలిరాజు తలుపులోంచి సముద్రం వైపు చూశాడు.

"ఇప్పుడు సూడు," అంటూ అసిరయ్య ముందుకు వంగి, వణికే కుడిచేత్తో తమ్ముడి మోకాలు పట్టుకున్నాడు. "నీల్లు తాకినాది, నీకు పిలుపొచ్చింది. అదే కారు కట్టమన్నారంట కదా. మీ వదిన సెప్పింది. ఇన్నేల్లూ రానిది, అది ఎల్లేకే వచ్చింది. సచ్ బోల్, నా లెక్క తప్పా?"

పోలిరాజుకు కోపం రాలేదని కాదు. వచ్చింది. ఒళ్లంతా మండిపోయింది. ఆ కారుకు ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క ఒళ్లు అది, సునామీ కూడా వదిలేసిన దాన్ని నువ్వు చేతులారా సముద్రంలో కలిపేశావు అని అరవబోయాడు. అరవబోయి, తన మోకాలి మీదున్న చెయ్యి చూశాడు. పనికి అలవాటు లేని ఎడంచెయ్యి ఉలితో ఆ కుడిచేతి మీద చేసిన గాయాలు మచ్చలు కట్టి ఉన్నాయి. ఒకటి కాదు. మణికట్టు దాకా.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

"తప్పలేదన్నియ్యా," అన్నాడు. "నీ లెక్కే కరెక్టు."

"సంతోసమేనా మరి?"

"సంతోషమే."

అసిరయ్య మొహం వెలిగిపోయింది. పోలిరాజు దిమ్మల మధ్యకు పోయి అటు తిరిగి నిలబడ్డాడు. చెక్క కారు భుజం ఎంత ఎత్తున ఉండేదో అక్కడికి చెయ్యి లేపి, కళ్లు మూసుకుని, గాలిలో నిమిరి చూశాడు. సగం దాకా వచ్చింది. ఆ తర్వాత ఎటు తిరగాలో చేతికి గుర్తు రాలేదు. దొంగతనంగా కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం వంటింట్లో తవిటమ్మ అన్నం వడ్డించి, చేపల పులుసు వేసి, మూలనున్న సంచి వంక చూసింది.

"మరిదీ, ఆ మిసను ఏటికి తెచ్చేవు?"

"ఊరికే వదినా."

"అంత బరువు ఊరికే మోసుకొచ్చేవా?"

పోలిరాజు ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట పెట్టలేదు. తవిటమ్మ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. ఆమె కొంగుతో మొహం అదుముకుంది.

"ఆయనకి మాత్రం సెప్పకు బాబూ," అంది గొంతు తగ్గించి. "ఆ పని సేసిన కాడ్నించే మనిసి మల్లీ మనిసయ్యేడు."

"చెప్పను."

బయట అరుగు మీద అసిరయ్య గొంతు వినిపించింది. డ్యూటీకి పోతున్న మల్లేశును ఆపేశాడు.

"ఒరే మల్లేశా! మా తమ్ముడి కారు కట్టేత్తన్నారంటరా! మీ ఫెర్రీలోనే దింపాల. జాగా ఉంచు!"

"పక్కా మావా! ముందు నిన్ను ఎక్కించుకుంటాడో నేదో అడుగు!"

"ఎందుకు ఎక్కించుకోడు? ముందు సీట్లో నేనే. ఏరా తమ్ముడా?"

పోలిరాజు కలిపిన ముద్ద కంచంలో వదిలేసి గుమ్మం వైపు తిరిగాడు.

"నువ్వే అన్నియ్యా," అన్నాడు గట్టిగా, బయటికి వినబడేటట్టు. "ముందు సీట్లో నువ్వే."