డిస్కు అద్దె

"డిస్కులో జాగా నిండిపోయిందంట. మీవాళ్లకి చెప్పి ఇంకాస్త వేయించు" అన్నాడు మా ఆయన, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా. నేను ఉతికిన దుప్పటి రెండు కొసలు చేతుల్లో పట్టుకుని, మధ్యభాగం గడ్డం కింద నొక్కిపెట్టుకుని మడతపెడుతున్నాను. జవాబు చెప్పాలంటే దుప్పటి జారిపోతుంది. జవాబు కోసం ఆయనా ఆగలేదు.

వ్యాపారాలకు సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీలో నా ఉద్యోగం. ఆస్పత్రులు, దుకాణాలు, లాయర్ల ఆఫీసులు తమ సమాచారమంతా మా దగ్గర దాచుకుంటాయి. ఈ ఏడాది డిస్కు జాగాకి రేట్లు పెంచారు. పెంచింది పైవాళ్లు, తిట్లు తినేది నేను. రేట్లు ఖరారు చేసే మీటింగుకి నన్ను పిలవలేదు. నా తర్వాత చేరి నా మీద అధికారి అయినాయన వెళ్లాడు, నేను వేసిచ్చిన లెక్కలు పట్టుకుని. అది అయ్యాక మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, "మీ గొంతు మెత్తన కదమ్మా, మీరు చెబితే కస్టమర్లు చల్లబడతారు" అని ఫిర్యాదుల కాల్స్ అన్నీ నాకే మళ్లించాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

అందరిదీ ఒకటే పాట. బజారులో డిస్కు చవగ్గా దొరుకుతుంటే మీరు నెలనెలా ఇంత గుంజుతారేమిటని. నేనూ రోజంతా ఒకటే పాట పాడతాను. డిస్కు కొనడం పెద్ద ఖర్చు కాదండీ, దాన్ని కనిపెట్టుకుని ఉండడమే ఖర్చు. మీ ఫైలు ఒక్కచోట కాదు, మూడుచోట్ల ఉంటుంది. ఒక డిస్కు చచ్చిపోతే ఇంకోటి అందుకుంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. గది చల్లగా ఉండాలి, కరెంటు పోకూడదు, చావబోయే డిస్కుని ముందే పసిగట్టి మార్చే మనిషి ఉండాలి. ఏమీ జరగకుండా చూడడానికే ఇదంతా. "ఏమీ జరగనిదానికి డబ్బెందుకమ్మా?" అన్నాడు లారీలు తిప్పే ఒక పెద్దమనిషి. గోడకు చెప్పుకున్నా నయం, ఎదురు ప్రశ్న వేయదు.

మా ఆయన పెళ్లి వీడియోలు తీస్తాడు. చిన్న స్టూడియో. మా కంపెనీ ఉద్యోగులకు తగ్గింపు రేటుకిచ్చే జాగాలో, నా పేరు మీద, ఆయన వ్యాపారమంతా పడి ఉండేది. అద్దె నా జీతంలోంచి కోత. ఏ ఒక్క ముక్కా చెరపనివ్వడు. కెమెరా ఆపడం మరిచిపోయి నడుస్తున్నప్పుడు పడిన వీడియోలుంటాయి, అన్నీ చెప్పులే. అవీ ఉండాల్సిందే. ఆదివారాలు నేనే కూర్చుని ఎవరి పెళ్లి ఏదో పేర్లు పెట్టి, రెండో కాపీ తీసి, ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో చూసి పెట్టేదాన్ని. "సెలవు రోజు కూడా ఆ కంప్యూటర్ ముందు కాలక్షేపమే" అని మా అత్తగారు పక్కింటావిడతో అనే మాట వంటగదిలోకి వినబడేది. వినబడాలనే అనేవారు.

కిందటి వానాకాలం స్టూడియోలో ఉన్న డిస్కు చెడిపోయింది. ఆ వారంలోనే ఒకమ్మాయి వచ్చింది. పెళ్లైన కొన్నాళ్లకే వాళ్ల నాన్న పోయాడట, పెళ్లిలో ఆయన మాట్లాడిన వీడియో కావాలంది. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. సర్వర్లో నేను దాచిన కాపీ వెతికి తీసి పెట్టాను. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని చూసింది, ఏడ్చింది, లేచి వచ్చి మా ఆయన చేతులు పట్టుకుంది. "మా దగ్గర ఏదీ పోదమ్మా, మా పద్ధతే అంత" అన్నాడాయన. పక్కన వైరు చుడుతున్న నన్ను ఆ అమ్మాయి అక్కడ పనిమనిషి అనుకుందేమో, వెళ్తూ వెళ్తూ మంచినీళ్లు అడిగింది. ఇచ్చాను.

కొత్త రేట్లతోపాటు ఉద్యోగుల తగ్గింపు కూడా ఎత్తేశారు. మా ఆయనకు చెప్పాను. ఒకసారి గడ్డం గీసుకుంటూ విన్నాడు, ఇంకోసారి వినలేదు. చివరికి "నువ్వే చూసుకోవే, ఇవన్నీ నాకు చెప్పకు" అన్నాడు. చూసుకున్నాను. మిగతా వ్యాపారస్తుల్లాగే ఆయన స్టూడియో పేరు మీదకే ఆ జాగా మార్చాను. ఇకమీదట బిల్లు మీకే వస్తుందని చెబితే, ఫోన్లోంచి తలెత్తకుండా సరేనన్నాడు. ఒప్పుకున్నట్టు నొక్కమంటే నొక్కాడు కూడా.

బిల్లు వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో నాకొక కాల్ వచ్చింది.

"ఏంటండీ ఈ అన్యాయం? బజారులో డిస్కు రేటెంత, మీరు వేసిందెంత?"

గొంతు పోల్చుకున్నాను. "నమస్కారమండీ, చెప్పండి" అన్నాను.

"నువ్వా?" అన్నాడు. "ఏంటే ఇది? నాకు బిల్లు రావడమేంటి?"

"ఈ కాల్ రికార్డవుతోందండీ."

అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది. "సరే. మీ రేటు ఎందుకింత ఉందో చెప్పండి" అన్నాడు.

పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నన్ను మీరనడం అదే మొదలు. లారీల ఆయనకు చెప్పినంత ఓపికగా ఈయనకూ చెప్పాను. మధ్యలో అడ్డురాలేదు. నా మాట చివరిదాకా వినడమూ అదే మొదలు.

"మరి ఇన్నాళ్లూ ఆ కాపీలు తీయడం, సర్దడం..." అన్నాడు.

"నేను చేసేదాన్నండీ. ఇకమీదట చేయను. మీరొక మనిషిని పెట్టుకోవచ్చు, లేదంటే మా కంపెనీ చేస్తుంది. దానికి వేరే రేటు."

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఈ విషయం మాట్లాడనండీ. పనివేళల్లో ఫోన్ చేయండి. ఎవరో ఒకరు ఎత్తుతారు."

ఫోన్ పెట్టేశాక నాకే భయమేసింది. ఇంత అనేశానా అని. కోపంలో ఆయన బిల్లు కట్టకపోతే? గడువు దాటితే మావాళ్లు చెరిపేస్తారు, ఆ అమ్మాయి నాన్న గొంతులాంటివెన్నో పోతాయి. ఎప్పట్లా నేనే గుట్టుగా కట్టేస్తే పోలా అనిపించింది. కంప్యూటర్లో ఆయన ఖాతా తెరిచాను కూడా. చాలాసేపు చూసి మూసేశాను. భయపడాల్సినవాళ్లు భయపడితే తప్ప ఇది తెమలదు. ఆ ఊపులోనే లేచి మేనేజరు గదికి వెళ్లి, ఈసారి రేట్ల మీటింగుకి నా లెక్కలతోపాటు నేనూ వస్తానన్నాను. "చూద్దాంలేమ్మా" అన్నాడు. నేను కదలకుండా నిలబడితే, "సరే, రండి" అన్నాడు.

ఇంట్లో కొన్నాళ్లు మాటల్లేవు. గడువు రేపనగా డబ్బు కట్టాడు. కాపీలు తీసి సర్దే పనికి మాత్రం రేటు ఎక్కువనిపించినట్టుంది, ఆదివారం పొద్దున్నే తనే స్టూడియోకి బయల్దేరాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నా వైపు చూశాడు. నేనూ చూశాను. వెళ్లిపోయాడు.

మా అత్తగారు కొడుకు పోయినవైపే చూస్తూ నిలబడ్డారు. "కట్టుకున్నవాడి దగ్గర కూడా లెక్కేనా?" అన్నారు.

"లెక్క ఇప్పుడు మొదలుపెట్టింది కాదత్తయ్యా" అన్నాను. "పాత బాకీ వదిలేశాను, అంతే."

నేను గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, పట్టపగలు, ఏ జబ్బూ లేకుండా పడుకున్నాను.