ముప్పై అయిదు మార్కులు

తన తప్పును తానే పట్టుకోవలసినవాడు నిజంగా దాని కోసం వెతుకుతాడా? బంద్ రోజు బస్సుల్లేక ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు నడిచివచ్చిన శాంసన్, తెర మీది పచ్చగీతను చూస్తూ తనను తాను ప్రశ్నించుకున్నాడు. మార్కులు ఇస్తే పాసో ఫెయిలో చెప్పే ప్రోగ్రాంకు అతడు మొదటిసారి టెస్టులు రాశాడు. రావలసిన జవాబు ముందే రాసిపెడితే, వచ్చిన జవాబుతో కంప్యూటరే పోల్చి చూస్తుంది. అన్నీ కలిస్తే పచ్చగీత. ఆ గీత ఉన్నవాళ్ల పేర్లే సారు ఇవాళ ఉద్యోగాలిచ్చే కంపెనీకి పంపుతాడు. తెలంగాణ ఉద్యమం తేలేదాకా సర్కారు నోటిఫికేషన్లు రావు, వేరే ఉద్యోగపు ఆశ లేదు.

పక్క సీటులోని పుష్పలత తొంగిచూసింది. "ముప్పై అయిదుకు ఫెయిలా? ఏందన్నా గిది?"

"ప్రోగ్రాం గట్లనే చెప్పింది. గదే టెస్టుల రాసిన."

"దాని మాటకు దాన్నే సాక్షం పెట్టినవా? ఇగ ఎట్ల తప్పు దొరుకుతది! నీకు పదోతరగతి లెక్కల్ల ఎన్నొచ్చినయ్?"

"ముప్పై అయిదే."

ఆమె పకపకా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ప్రోగ్రాం పాత బ్యాచ్ వాళ్లు ఇచ్చిపోయింది. అందరిలాగే అతడూ పేరు మార్చి తనదన్నాడు. లోపల ఏముందో తెలియదు, సాయంత్రంలోగా తెలిసే దారీ లేదు.

సారు మొదటి వరసలో పేర్లు రాసుకుంటున్నాడు. శాంసన్ టెస్టులో 'ఫెయిల్' చెరిపి 'పాస్' అని కొట్టి, రన్ నొక్కాడు. గీత ఎర్రబడింది.