స్టూడియో అద్దం ముందు పళ్లు

నేను ఒక అద్దాన్నండీ! మామూలు అద్దాన్ని కాను, నల్లగొండ జిల్లాలో ఒక ఫోటో స్టూడియో అద్దాన్ని. హైదరాబాద్‌లో వెనక రసం పూసి, చెక్క చట్రం బిగించి, బస్సు టాపు మీద ఇక్కడికి తెచ్చారు. మొదటి యజమాని ముసలివాడై, స్టూడియోతో పాటు నన్నూ ఫోటోగ్రాఫర్ ఉపేందర్‌కు అప్పగించాడు.

మనుషులు నా ముందు జుట్టు దువ్వుకుంటారనుకుంటున్నారా? అబ్బే! చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పెదవి ఎత్తి పళ్లు చూసుకుంటారు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. పోనీ, తెల్లటి పళ్లవాళ్లు సంతోషిస్తారా అంటే, వాళ్లకు సందులు కనిపిస్తాయి! అందుకే ఉపేందర్ "నవ్వుండ్రి" అనడం ఎప్పుడో మానేశాడు.

ఇక ఆ రోజు సంగతి వినండి, తలుచుకుంటే ఇప్పటికీ నా చట్రం అదురుతుంది! పెళ్లి కుదిరిన అండాలు అనే పిల్ల, వరంగల్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు సారంగపాణి జంట ఫోటో దిగడానికి వచ్చారు. అండాలు ఒక్కతే నేనుండే తెర వెనక్కి వచ్చి నా ముందు నిలబడింది. పెళ్లిచూపుల్లో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటే, "పిల్లకు ఎంత సిగ్గో!" అని అటువాళ్లు మురిసిపోయారట. ఇటుక పొడితో చిగుళ్లు మండేలా తోమినా చారలు పోలేదట.

"ఇయ్యాల చూస్తడు. చూసి వద్దంటడు," అని నాతోనే చెప్పుకుని, మళ్లీ పెదవి ఎత్తి చూసుకుంది. పాపం, కళ్లనిండా నీళ్లు.

అంతలో దువ్వెన కోసం సారంగపాణి తెర తీశాడు. ఆమె పళ్లన్నీ నాలో బాహాటంగా కనిపిస్తున్నాయి!

"చూసిండ్రా?" అంది అండాలు, గబుక్కున నోరు కప్పుకుని.

"చూసిన."

అయిపోయింది, పెళ్లి పెటాకులే అనుకున్నాను. అతను వచ్చి ఆమె పక్కన నిలబడి, తన పెదవి పైకెత్తాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన దొంతరపళ్లు!

"మరి నావి చూడు. గివి కనవడతయనే మీ ఇంట్ల నేను నోరు తెరువలే."

"అయ్యో! పిలగాడు మస్తు నెమ్మదస్తుడని మా నాయిన ఊరంతా చెప్పిండు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఉపేందర్ కెమెరాతో ఉరికొచ్చాడు. నవ్వు ఆగేలోపే క్లిక్కుమనిపించాడు.

ఫోటో అయ్యాక పౌడర్ సరిచేసుకోవడానికి అండాలు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. అతనితో కబుర్లు చెబుతూ, నోటికి చెయ్యయినా అడ్డం పెట్టకుండా నవ్వుతూ మెట్లు దిగింది. నా వైపు చూడకుండా ఒక మనిషి వెళ్లిపోతే నేను అంత సంబరపడటం అదే మొదటిసారి!