గొడ్డూ అని పిలిస్తే

మా మామయ్య ఆ కంచర గాడిదకు పెట్టిన పేరు గొడ్డు. కొన్న రోజే పెట్టారట. గాడిదకూ గుర్రానికీ పుట్టింది, దానికి పిల్లలు పుట్టరు, బరువు మోయడమే దాని పని, పేరుకి ఇంకేం కావాలి అన్నారట. పశువును ఎటూ గొడ్డనే అంటాం కదా, తప్పు పట్టడానికీ లేదు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆ పేరు పాతబడిపోయింది.

నన్ను మాత్రం ఆయన ఏ పేరుతోనూ పిలిచేవారు కాదు. "ఇదిగో" అనేవారు, అంతే.

పెళ్ళై ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. పొద్దున్నే మామయ్య వాకిట్లో నిలబడి "గొడ్డూ, రావే" అని కేకేసేవారు. దొడ్లో అది తల తిప్పేది. వంటింట్లో నేను తల తిప్పేదాన్ని. ఆయన మనసులో ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా చేతిలో గరిటె ఆగిపోయేది. ఒకసారి మా ఆయనతో అంటే, "దాని పేరు అది, మధ్యలో నీకేంటి?" అన్నాడు. మగవాళ్ళ చెవులకు లోపల ఇటుకలు పేర్చి ఉంటాయి.

మాది ఇటుక బట్టీ పని. పచ్చి ఇటుకలు ఆరబెట్టిన చోటు నుంచి బట్టీ దాకా గొడ్డే మోయాలి. మామయ్య దాని వీపున జీను వేసి, పొట్ట కింద నుంచి తోలు పట్టా లాగి బిగించేవారు. అదేమో గడుసుది. పట్టా తగలగానే ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించేది. తర్వాత తీరిగ్గా ఊపిరి వదిలితే పట్టా వదులైపోయి, సగం దారిలో బరువంతా ఒక పక్కకు జారేది. అందుకని మామయ్య ఏ సంగతీ పట్టనట్టు ఆకాశం చూస్తూ నిలబడి, అది ఊపిరి వదలగానే చటుక్కున పట్టాను ఇంకో కంత దాకా లాగేవారు. వాళ్ళిద్దరికీ అదొక ఆట.

ఆ చలికాలం ఆట చెడింది. ఎంతసేపు నిలబడ్డా దాని పొట్ట దిగడం లేదు. "నా దగ్గరా నీ నాటకాలు?" అంటూ మామయ్య ఇంకా గట్టిగా లాగేవారు. ఒకరోజు దానికి గడ్డి వేస్తూ పొట్ట మీద చెయ్యి పెట్టాను. నా అరచేతి కింద ఏదో మెల్లగా పక్కకు జరిగింది. ఆ రోజుల్లో నాకు కలలెక్కువ. మంచులో బట్టీ కరిగిపోతున్నట్టు, పేర్చిన ఇటుకలన్నీ నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు కలలొచ్చేవి. ఇదీ ఆ కలలో ముక్కేనేమో అనుకున్నాను. అయినా ఉండబట్టలేక, "మామయ్యా, దీని కడుపులో ఏదో కదిలింది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "గ్యాస్ అయ్యుంటుందిలే" అన్నారు చాలా మెత్తగా. ఆయన తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు.

ఆ మర్నాటి నుంచి ఆయన అటు తిరగగానే పట్టా వదులు చేయడం మొదలుపెట్టాను. దారిలో ఇటుకలు జారి పగిలేవి. తిట్లు గొడ్డుకు పడేవి. లోపల ఉన్నది నిజమైతే అది బతకాలి, నాకు అదొక్కటే కావాలి.

ఒక తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. పాకలోకి కూడా మంచు వచ్చేసింది. ఆ తెల్లదనంలో గడ్డి మీద తడిగా, పొడుగు చెవులతో, అన్నీ కాళ్ళే అయినట్టు ఒక పిల్ల పడి ఉంది. గొడ్డు దాన్ని ఎవరి వస్తువో అన్నట్టు చూస్తోంది. నేను లేచానో, ఇంకా నిద్రలోనే ఉన్నానో తెలియలేదు. బకెట్టు పిడి చల్లగా తగిలాక మామయ్యను పిలిచాను.

ఆయన పట్టా చేత్తో పట్టుకునే వచ్చారు. పిల్ల కదలడం లేదు. దాన్ని చూసి, పట్టాకున్న కంతల వంక చూసి, అక్కడే కూలబడ్డారు.

"నేనే చంపేశానా?" అన్నారు.

"మీరు బిగించారు, నేను వదులు చేస్తూ వచ్చాను. ముందు రుద్దండి మామయ్యా" అన్నాను.

భుజం మీది తువ్వాలు తీసి రుద్దారు. నేను దాని ముక్కు తుడిచాను. ఎంతసేపటికో అది తుమ్మింది. లేచింది, పడింది, మళ్ళీ లేచి, గోడను కాసేపు చీకి, చివరికి పొదుగు వెతుక్కుంది. గొడ్డు ముందు కాలు విదిలించింది, తర్వాత వాసన చూసింది. అప్పుడు ఒక పెద్ద ఊపిరి వదిలింది. వాళ్ళ ఆటలో ఎన్నడూ అంత ఊపిరి వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "గుర్రం నుంచి వచ్చిన క్రోమోజోములూ, గాడిద నుంచి వచ్చినవీ వీటి ఒంట్లో జత కుదరవు. అందుకే పిల్లలు పుట్టవు. ఎప్పుడో ఎక్కడో ఒకటి ఇలా ఈనుతుంది" అన్నాడు. తండ్రి ఎవరో ఎవరూ చూడలేదు. పక్క బట్టీ గాడిద మాత్రం ఆ పూటంతా మా గోడ దగ్గరే తచ్చాడింది.

మర్నాడు పొద్దున్న మామయ్య వాకిట్లోకి వచ్చిన చప్పుడు విన్నాను. అలవాటు కొద్దీ నా చెయ్యి ఆగింది.

"గొ..." అన్నారు. అక్కడే ఆగిపోయారు.

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. నాకూ ఒక బిడ్డ పుడుతుందని నేనేమీ ఆశపడలేదు. ఆ పిలుపు మళ్ళీ వినకూడదనుకున్నాను, అంతే.

"అమ్మా" అన్నారు మామయ్య. గొంతు సవరించుకుని, "ఇలా రా అమ్మా" అన్నారు.

దొడ్లో అది తల తిప్పింది. నేనూ తిప్పాను. గుమ్మంలోకి వచ్చి, "ఎవరిని మామయ్యా పిలిచింది?" అన్నాను.

ఆయన ఏ సంగతీ పట్టనట్టు ఆకాశం చూస్తున్నారు.

"ఎవరొస్తే వాళ్ళని" అన్నారు.

నేను వెళ్ళాను.